గోడ లేని గేటు

దోహా నుంచి దక్షిణంగా వెళ్తూ వెళ్తూ తారు రోడ్డు ఒకచోట ఉన్నట్టుండి అయిపోతుంది. అక్కడ రాజనర్సు ఉంటాడు. ఎడారిలోని ఆ రక్షిత ప్రాంతానికి చలికాలంలో మాత్రమే జనాన్ని వదులుతారు. వదలాలా వద్దా అని తేల్చేది మన రాజనర్సే. ఎరుపూ తెలుపూ చారలున్న ఒక అడ్డకర్ర, పక్కన రేకుల గది, గదిలో ఒక కుర్చీ, ఆ కుర్చీలో ఎన్నడూ కూర్చోని మనిషి, ఇంతే సరంజామా. గేటు అన్నానని ఏ కోటగుమ్మాన్నో ఊహించుకోకండి. కర్రకు అటు గోడ లేదు, ఇటు కంచె లేదు. పక్క నుంచి పోదామనుకున్న కార్లు ఇసుకలో కూరుకుపోతాయి కాబట్టి అందరూ బుద్ధిగా కర్ర ముందుకే వచ్చి నిలబడతారు.

వచ్చినవాళ్ళని రాజనర్సు రెండే అడుగుతాడు. ఒకటి పర్మిట్, రెండోది టైర్లలో గాలి. ఇసుకలో బండి కదలాలంటే టైర్లలో సగం గాలి తీసెయ్యాలి. ఇది అతనికి ప్రాణసంకటం. జగిత్యాల దగ్గరి ఊళ్ళో సైకిల్ షాపు పెట్టి, వచ్చిన ప్రతి ట్యూబులోకీ చెమటోడ్చి గాలి కొట్టినవాడు, ఇక్కడ కొత్త కొత్త టైర్లలోంచి బుస్సుమని గాలి పోతుంటే నిలబడి చూడాలి. పదకొండు చలికాలాలు గడిచినా అలవాటు కాలేదు, ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా మొహం అటు తిప్పుకుంటాడు.

పర్మిట్ దగ్గర మాత్రం ఈ మెతకదనం లేదు. ఒకసారి తనకు జీతమిచ్చే కంపెనీ మేనేజరే పిల్లలతో వచ్చి కాగితం ఇంట్లో మరిచిపోయానంటే, సలాం కొట్టి, మంచినీళ్ళిచ్చి, వెనక్కి పంపాడు. ఎండాకాలం గేటు మూసేశాక అతను ఉండే బిర్కత్ అల్ అవామిర్ క్యాంపులో ఇప్పటికీ ఈ సంగతి చెప్పుకుని నవ్వుతారు. లోపల ఏముందని కొత్తవాళ్ళెవరైనా అడిగితే "ఏమున్నది, ఇసుక" అంటాడు, ఆ ఇసుకంతా తనే దగ్గరుండి పోయించినంత ధీమాగా. నిజానికి అతను ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదు. ఎదురుగా కనిపించే మొదటి పెద్ద తిన్నెతోనే అతని జ్ఞానం ఆఖరు. పొద్దు కుంకగానే కర్రకు తాళం వేసి, రేకుల గదిలో ఇంత వండుకు తిని పడుకుంటాడు.

ఇలా నడుస్తుండగా మొన్నటి చలికాలం ఒక శుక్రవారం పొద్దున ముగ్గురు విదేశీయులు కాలినడకన వచ్చారు. తారు రోడ్డు చివర కారు ఆపి, భుజాల మీద పొడుగాటి పలకలు మోసుకుంటూ. స్విట్జర్లాండ్ వాళ్ళట, దోహాలో ఉద్యోగాలట. వాళ్ళ దేశంలో చలికాలం వస్తే కొండలెక్కి, ఆ పలకలు కాళ్ళకు కట్టుకుని మంచు మీద జారతారట. ఇక్కడ మంచు లేదు కాబట్టి ఇసుక మీద జారి సరిపెట్టుకుంటారట. ముగ్గురిలో పొడుగామె ఇదంతా వచ్చీరాని హిందీలో చెప్పింది. రాజనర్సు ఓపిగ్గా విని చెయ్యి చాపాడు.

"పర్మిట్?"

"కార్ నహీ," అంది ఆమె, ఖాళీ చేతులు చూపించి.

"నో కార్, నో ఎంట్రీ," అన్నాడు రాజనర్సు.

వాళ్ళు కాసేపు వాదించారు. కర్ర పక్కనున్న ఖాళీ వైపు ఒకసారి చూశారు కూడా. కానీ మర్యాదస్థులు, వెనక్కి పోయారు. తర్వాతి శుక్రవారం మళ్ళీ వచ్చారు, ఆ తర్వాతి శుక్రవారమూ వచ్చారు. చివరికి రాజనర్సు విసిగిపోయి సూపర్‌వైజర్ ఉబైద్‌కి ఫోన్ చేశాడు. ఉబైద్‌ది కరీంనగర్. దోహాలోని నజ్మాలో ఉంటూ, ఎడారి సంగతులన్నీ చాయ్ తాగుతూ ఫోన్లోనే తేలుస్తాడు.

"నడిచెటోళ్ళకు పర్మిట్ ఏంది భాయ్?" అన్నాడు ఉబైద్. "కాళ్ళకు నంబర్ ప్లేట్ ఉంటదా? రూల్ బండ్లకే. పోనియ్యి వాళ్ళను."

రాజనర్సు మనసు చివుక్కుమంది. పదకొండేళ్ళుగా తను కాస్తున్నది మనుషుల్ని కాదు, టైర్లనేనని ఆ రోజే తెలిసింది. అయినా మాట వినక తప్పదు. వాళ్ళు కర్ర పక్క నుంచి పోవడానికి మాత్రం అతను ఒప్పుకోలేదు. వచ్చినప్పుడల్లా కర్రను పూర్తిగా పైకెత్తి, ముగ్గురూ దాని కింద నుంచి దాటాక, మళ్ళీ దించేవాడు. వాళ్ళు పలకలు మోసుకుంటూ ఆయాసపడి తిన్నె ఎక్కేవాళ్ళు, చిటికెలో జారి కిందికొచ్చేవాళ్ళు, మళ్ళీ ఎక్కేవాళ్ళు. చదువుకున్నవాళ్ళకు ఇదేం రోగమో అనుకునేవాడు.

జనవరిలో గంగాబాయి దిగింది. గంగాబాయి రాజనర్సు పెళ్ళాం. ఆమె అక్క కూతురు సుహాసిని దోహాలో నర్సు, ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఉంటుంది. చిన్నమ్మ ఎన్నాళ్ళని ఫోన్లోనే మొగుణ్ణి చూస్తుందని, ఆ పిల్లే విజిట్ వీసా మీద పిలిపించింది. బీడీలు చుట్టుకుంటూ ఇల్లు నెట్టుకొచ్చిన గంగాబాయికి నెల రోజులు ఖాళీగా కూర్చోవడం చేతకాలేదు. సుహాసిని అద్దాల మేడలన్నీ చూపించినా, సీజన్ అని రాజనర్సు గేటు వదిలి రాకపోయేసరికి, "మీ చిన్నబాపు పని జేసే కాడికి తోలుకపో" అంది. నెల దాదాపు అయిపోవస్తుండగా ఒక శుక్రవారం, సుహాసిని తన చిన్న కారులో ఆమెను గేటు దగ్గర దించింది.

గంగాబాయి అడ్డకర్రను ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూసింది.

"గిదేనా నీ గేటు?"

"గిదే."

"పక్కపొంటి గోడ లేదు గద. మరి ఈ కట్టె ఎందుకు?"

"రూల్," అన్నాడు రాజనర్సు.

"లోపట ఏమున్నది?"

"ఇసుక."

"నువ్వు సూసినవా?"

లోకంలో ఎవరికైనా ఏదైనా చెప్పవచ్చు గానీ, ఆవిడ అలా కళ్ళలోకి చూస్తున్నప్పుడు అబద్ధం చెప్పే ధైర్యం రాజనర్సుకి లేదు. లేదని తల ఊపాడు.

"ఏమున్నదో ఎరుక లేకుంటనే పదకొండేండ్లు కాపలా కాసినవా?" అంది గంగాబాయి. "నేను సూస్త."

సుహాసిని కారు ఇసుకలోకి పనికిరాదని, పైగా పర్మిట్ లేదని రాజనర్సు చెప్తుండగానే పలకల వాళ్ళు వచ్చారు. అతను అలవాటు ప్రకారం కర్ర ఎత్తాడు. ముగ్గురు దాటారు. నాలుగోదిగా గంగాబాయి కుచ్చిళ్ళు పైకి దోపుకుని దాటేసింది.

"ఏమే, యాడికి?"

"వాళ్ళకు అడిగినవా పర్మిట్?" అంది వెనక్కి తిరగకుండానే.

ఏం చేస్తాడు? వెనక బండ్లు వరుస కట్టి హారన్లు కొడుతున్నాయి. డ్యూటీలో కర్ర వదిలి పోవడం అతను ఎరగడు. ఒక కన్ను పర్మిట్ల మీద, ఒక కన్ను తిన్నె మీద పెట్టుకుని నిలబడ్డాడు. ఆకుపచ్చ చీర మెల్లగా తిన్నె ఎక్కింది, కొసన కాసేపు ఆగింది, అవతలి వైపు దిగి మాయమైంది. ఆ కాసేపట్లో పర్మిట్ లేని బండి ఒకటి లోపలికి పోయిందని చెబితే మీరు నమ్మరు, కానీ పోయింది.

ఎంతకో మళ్ళీ కొసన ఆకుపచ్చ చీర కనిపించింది. చూస్తుండగానే గంగాబాయి అక్కడ కూలబడి, రెండు చేతులూ గాల్లో పెట్టి, కూర్చున్న పళాన జర్రున కిందికి జారింది. పొడుగామె చప్పట్లు కొట్టింది. తల నిండా ఇసుకతో, పగలబడి నవ్వుతూ గేటు దగ్గరికి వచ్చిన గంగాబాయిని చూస్తే, ఈ నవ్వు తనెప్పుడూ వినలేదే అనిపించింది రాజనర్సుకి. సంతోషం వేసింది, కొంచెం కుళ్ళు కూడా పుట్టింది.

"ఏమున్నది అవతల?" అన్నాడు.

"చెప్ప. నీ కండ్లతోని సూసుకో. నేను శనారం పోతున్న, ఆలోపట వస్తె నాతోని రా."

రోజూ ఫోన్ చేసి అడిగాడు. రోజూ ఆమె అన్నం తిన్నావా అని అడిగి, మాట మార్చి, పెట్టేసింది. అతనికి నిద్ర పట్టలేదు. గేటు కాసే మనిషికి సీజన్లో సెలవు పెట్టడమంటే నామోషీ. పెట్టకపోతే ఆమె వెళ్ళిపోతుంది, మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు. బుధవారం నాడు ఉబైద్‌కి ఫోన్ చేసి రేపు లీవ్ కావాలన్నాడు.

"నువ్వా?" అన్నాడు ఉబైద్. "తబియత్ బాగనే ఉన్నదా? డాక్టర్ను పంపాల్నా?"

"మంచిగనే ఉన్న. నా ఆడిదాన్ని తోలుకొని లోపటికి పోత."

ఉబైద్ ఇంకో సైటు నుంచి నగేష్ అనే కుర్రాణ్ణి ఆ పూటకు పంపించాడు.

గురువారం మధ్యాహ్నం సుహాసిని మళ్ళీ గంగాబాయిని గేటు దగ్గర దించాక, మొగుడూ పెళ్ళాం నడుస్తూ తిన్నె ఎక్కారు. అడుగు ముందుకేస్తే ఇసుక సగం వెనక్కి లాగుతోంది. సగం ఎక్కేసరికి రాజనర్సు ఆయాసంతో వంగిపోయాడు, గంగాబాయి వెనక్కొచ్చి చెయ్యి పట్టుకుని లాగింది. కొసకు చేరాక అతను తలెత్తాడు.

అవతల సముద్రం ఉంది. తిన్నెలు పైనుంచి దిగి దిగి నేరుగా నీలం నీళ్ళలో కాళ్ళు పెట్టాయి. అలల్లేవు. చాలా దూరంలో ఇంకో గడ్డ, సౌదీ అట, సన్నని గీతలా కనిపిస్తోంది. ఇద్దరూ కూర్చున్నారు.

"ఇన్నేండ్లు దుబాయ్ దుబాయ్ అంటిమి, గింత మంచిగ ఉంటదని ఒక్కనాడు చెప్పవైతివి," అంది గంగాబాయి, వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే. "ఎందుకు రాలేదు ఇటు?"

"సూస్తె మల్ల ఆ కట్టె కాడ నిలబడ బుద్ధి గాదని."

ఆమె నీళ్ళ వైపు చూస్తూ అంది. "ఇంటికి లీవ్ మీద వచ్చినప్పుడు గూడ గంతే గద నువ్వు. నెల రోజులు ఊళ్ళె ఉన్న సైకిళ్ళన్నీ బాగు జేస్తవు. నా పక్కన కూసోవు."

రాజనర్సు తలొంచుకున్నాడు. "కూసుంటె పోబుద్ధి గాదు గంగా," అన్నాడు.

"నాకెరికే. నీ నోట్లకెల్లి ఇనాలనే గింత దూరం నడిపిచ్చిన."

అని, అతను కళ్ళు తుడుచుకునేలోగా వీపు మీద ఒక్క తోపు తోసింది. రాజనర్సు కెవ్వుమంటూ తిన్నె వెంట జారాడు. నోట్లో ఇసుక, చెవుల్లో ఇసుక, ఒక చెప్పు ఎటో పోయింది. నీళ్ళకు నాలుగడుగుల దూరంలో ఆగి, వెల్లకిలా పడి కాసేపు ఆకాశం చూశాడు. తర్వాత లేచి, చేతులూ కాళ్ళూ కలిపి పాకుతూ మళ్ళీ పైకి వచ్చాడు. ఆమె పక్కన ఆనుకుని కూర్చుని, చీర కొంగు తన చేతికి చుట్టుకున్నాడు.

"ఈపారి ఇద్దరం పోదాం," అన్నాడు.