నిమ్మకాయ పిండిన రాగి చెంబు

కోడలు రాగి సీసాను నిమ్మచెక్కతో తోముతుంటే, ఆ వాసనకు పటాన్‌చెరులో అరవైల నాటి మా ఇల్లు గుర్తొచ్చింది. రాగి చెంబులో రాత్రి నిలవుంచిన నీళ్లు రోజూ తాగి మా నానమ్మ నూరేళ్లు బతికిందని అందరికీ చెబుతుంటాను. నూరేళ్లన్నది నేను కోసిన కోత. నీళ్లు మాత్రం నిజమే.

ఒకరోజు ఆ నీళ్లు తాగగానే ఆమెకు వాంతులయ్యాయి. నిమ్మచెక్కతో తోమితే చెంబు మెరిసినట్టు నానమ్మ కడుపు కూడా మెరవాలని, రాత్రి అందులో నిమ్మకాయ పిండింది నేనే. రాగిలో పులుపు నిలవుంటే విషమని తెలియని వయసు.

“చెంబు కడగకుండనే నీళ్లు పోసినవా ఏంది? చిలుమంత నాకు తాపినవ్!” అని నానమ్మ అమ్మను కసిరింది.

“కడిగిన అత్తమ్మా, ఒట్టు.”

“ఇగ అబద్ధాలు గూడనా?”

అమ్మ కళ్లు తుడుచుకుని చెంబును మళ్లీ తోముతూ, నీళ్లు పోయమని నన్నే పిలిచింది. ఏమీ ఎరగనట్టు పోశాను. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ నిమ్మకాయ సంగతి చెప్పలేకపోయాను.