రోడ్డుకు ఆ పక్కన కారెక్కిన బిడ్డ

సంఘంలోని సహోదరులారా, సహోదరీలారా, ఈ పత్రిక చదవడం వచ్చినవారు రానివారిని పక్కన కూర్చోబెట్టుకొని వినిపించండి. మన పుదుచ్చేరి తెలుగు ఇళ్లలో నోట ఉన్న తెలుగు చాలామందికి కాగితం మీద తెలియదు. నేనూ మిల్లులో మగ్గం దగ్గర పని చేస్తూ, పెళ్లయిన తరువాత బైబిలు ముందు పెట్టుకొని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నవాణ్నే. సాక్ష్యమంటే సంతోషంగా చెప్పాలంటారు. నాకు ఆ సంతోషం ఇంకా పూర్తిగా రాలేదు. రానిది వచ్చినట్టు దేవుని సన్నిధిలో చెప్పలేను గనుక ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నా మనవరాలి పేరు రాయను. రాయకూడదని చట్టం ఉంది, నాకూ ఇష్టం లేదు. ఇంట్లో పాపా అని పిలుస్తాం, ఇక్కడా అదే రాస్తాను. నా కూతురు చనిపోయాక ఆ బిడ్డ నా దగ్గర, నా భార్య రత్నమ్మ దగ్గర పెరిగింది. పదిహేడేళ్ల వయసులో మన ఊరి మేట్టుపాళయంలో ఒక కంపెనీలో అట్టపెట్టెలు మడిచే పనికి పోతూ ఉండగా ఆ కంపెనీ మూతపడింది. మా వీధిలో అందరిచేతా అక్క అని పిలిపించుకునే ఒక ఆడమనిషి అప్పుడే మా ఇంటికి వచ్చి, మాతో మోకరించి, ప్రార్థనకు ఆమెన్ చెప్పి, ఆ తరువాత పని మాట ఎత్తింది.

"పెద్ద ఊరు తాతా, ఏసీ ఇల్లు. ఒక ముసలామెకు టైముకు మాత్రలిస్తే చాలు. నా చెల్లెలైతే పంపించనా?"

ఈస్టరు అయిన వారంలో పాపను కారెక్కించింది. కొన్నాళ్లు ఫోను వచ్చింది, తరువాత రాలేదు. అడిగితే ఆ అక్క, "ఆడ సిగ్నల్ లేదు తాతా" అనేది.

మన ఊరి సంగతి మీకు తెలియనిది కాదు. ఊరి బయట రోడ్డుకు ఈ పక్క పుదుచ్చేరి, ఆ పక్క తమిళనాడు, ఇంకొంత దూరం పోతే మళ్లీ పుదుచ్చేరి. ఆ ఎల్ల మనకు పెట్రోలు పోయించుకునేటప్పుడు తప్ప గుర్తుకు రాదు. కానీ బిడ్డల్ని తీసుకుపోయేవాళ్లకు బాగా గుర్తుంది. మా వీధి చివర ఆగవలసిన కారు ఊరి బయట టీ అంగడి ముందు ఎందుకు ఆగిందో మన పక్క పోలీసు స్టేషనుకు పోయిన రోజు గాని నాకు అర్థం కాలేదు. అక్కడి హెడ్ కానిస్టేబులు తెలుగింటివాడే.

"బండి యాడ ఎక్కింది తాతా?"

"టీ అంగడి ముందర."

"ఏ పక్క అంగడి?"

"వేపచెట్టు ఉండే పక్క."

"అయితే అది తమిళనాడు. మేము రాసుకోలేము. ఆడ పోయి చెప్పు."

"బిడ్డ ఈడిది గదప్పా."

"బిడ్డ ఈడిదే. బండి ఆడిది గదా." తరువాత గొంతు తగ్గించి, "వయసు పిల్ల తాతా. ఎవడితోనో పోయుంటాది, తాళి కట్టించుకొని ఫోను చేస్తాది. ఇంటికి పో" అన్నాడు.

రోడ్డు దాటి ఆ పక్క స్టేషనుకు పోతే, ఇల్లు ఎక్కడని అడిగి, పాండీ అనగానే, "పెరియవరే, మీ పాండీ పోలీసుకు పని లేదా?" అని, పెద్దాయనా అని పిలుస్తూనే నవ్వారు. అటు పోతే ఇటు, ఇటు వస్తే అటు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు రాసుకోవాలని చట్టం ఉందట, అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ చట్టం ఢిల్లీ నుంచి బయలుదేరి ఆ రెండు స్టేషన్ల బల్లల దాకా ఎందుకు రాలేదో ఇప్పటికీ ఎవరూ నాకు చెప్పలేదు.

ఆ రోజు తిరిగి వస్తూ రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. బస్సులు హారను కొడుతున్నా కాలు కదలలేదు. "ప్రభువా, ఈ పక్కవాళ్లు ఆ పక్క అంటున్నారు, ఆ పక్కవాళ్లు ఈ పక్క అంటున్నారు. నువ్వు ఏ పక్క? నీకూ ఎల్ల ఉందా? ఉంటే చెప్పు, నేను ఇంక అడగను" అని ప్రార్థించాను. అది ప్రార్థనో పోట్లాటో నాకు తెలియదు. టీ అంగడివాడు వచ్చి చేయి పట్టుకొని నన్ను పక్కకు లాగాడు.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది, అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఫ్రెంచివాళ్ల కాలంలో చెరకు తోటల పనికని ఇక్కడి మనుషుల్ని ఓడలెక్కించి సముద్రాలు దాటించేవాళ్లు. మా తాత మేనత్తను అట్లాగే, బట్టలు కుట్టే పని అని నమ్మించి తీసుకుపోయారు. ఆమె ఏ దీవిలో దిగిందో, ఎన్నాళ్లు బతికిందో, మాకు కబురు లేదు. అప్పటి నుంచి మా ఇంట్లో పండుగనాడు ఆమెకొక ఆకు వేసి వడ్డిస్తాం, ఆ ఆకు ముందు ఎవరూ కూర్చోరు. మేము క్రీస్తును నమ్ముకున్నాక నేను మానేద్దామన్నాను. రత్నమ్మ, "ఆయమ్మ దేవుడా ఏమి, మొక్కేదానికి? ఆకలితో పోయిన మన బిడ్డ" అన్నది. ఆమె క్రిస్మసునాడు ఆకు వేస్తూనే ఉన్నది.

పాప కారెక్కిన ఏడాది క్రిస్మసుకు రత్నమ్మ గోడవారగా రెండాకులు వేసింది. నేను కేకలు వేశాను. "బిడ్డ చచ్చిందా? ఎందుకు వేస్తివి?" అన్నాను. ఆమె వడ్డించే గరిట ఆపకుండా, "రాకుంటే మాత్రం ఆకలి కాదా?" అన్నది. ఆ రోజు మా ఇంట్లో ఎవరి ఆకులోనూ మెతుకు కదల్లేదు.

తరువాత కొన్నాళ్లకు బీచి రోడ్డులో ప్రభుత్వం వారి ఊరేగింపు జరిగింది. మనుషుల్ని అమ్మడం అరికడదామని బ్యానర్లు, కాలేజీ పిల్లలు, మజ్జిగ ప్యాకెట్లు. పాప ఫోటో పట్టుకొని పోయాను. ఒకాయన నేనూ ఊరేగింపుకే వచ్చాననుకొని నా తలకు టోపీ పెట్టి, ఫోటో తీయడానికి వరుసలో నిలబెట్టాడు. ఒళ్లు మండిపోయింది. ఆ టోపీ తీసి నేలకు కొట్టాను. అప్పుడు వరుసలో నుంచి ఒక ఇన్‌స్పెక్టరమ్మ బయటికి వచ్చి, టోపీ సంగతి ఎత్తకుండా, "అది ఎవరి ఫోటో తాతా?" అని అడిగింది. ఏ పక్క అని అడగలేదు. సముద్రం గోడ మీద నన్ను కూర్చోబెట్టి మొత్తం రాసుకున్నది. ఈ నేరాల కోసమే పెట్టిన విభాగం ఆమెది. నేను అసహ్యించుకున్న ఊరేగింపులోనే దేవుడు ఆమెను నిలబెట్టాడు. ఒప్పుకోవడానికి నాకు కష్టంగానే ఉంది, అయినా ఒప్పుకుంటున్నాను.

ఆ విభాగంవాళ్లు మా వీధి అక్క ఫోను జాడ పట్టుకొని పోయి, ఇంకొక రాష్ట్రంలో ఒక లాడ్జి నుంచి పాపనూ మరికొందరు పిల్లలనూ విడిపించారు. అక్కడ ఏం జరిగిందో ఈ పత్రికలో రాయను. విడిపించాక ఆ ఊరి హోములో, ఆ తరువాత ఇక్కడి హోములో పెట్టారు. నా బిడ్డను గేటు కమ్మీల సందుల్లోంచి చూశాను. "ఇంటికి పంపమని ఆర్డరు రాలేదు తాతా" అనేవాళ్లు. మా ఇల్లు చూడటానికి వచ్చి, మరుగుదొడ్డి లోపలా బయటా అని అడిగారు. తీసుకుపోయినవాళ్లు ఏమీ అడగకుండానే తీసుకుపోయారు సహోదరులారా, తిరిగి ఇచ్చేవాళ్లకే అన్ని ప్రశ్నలు.

వానలు వచ్చాక పంపించారు. వచ్చింది గాని పాప రాలేదు. వీధిలో కారు ఆగితే వంటింటి తలుపు వెనక్కు పోయి నిలబడేది. మాతో కూర్చొని తినేది కాదు. గోడవైపు తిరిగి, నిలబడే నాలుగు మెతుకులు నోట్లో వేసుకునేది. నేను పక్కన మోకరిస్తే లేచిపోయేది, మాతో మోకరించినవాళ్లే ఆ బిడ్డను అమ్మారు గదా. అరెస్టయిన ఆ అక్కకు జామీను దొరికింది. మొన్న వీధిలో ఎదురుపడి, "ఏం తాతా, బాగుండావా?" అన్నది. కోర్టులో కేసు వాయిదాల మీద వాయిదాలు పడుతున్నది.

పోయిన క్రిస్మసునాడు రత్నమ్మ మా ముగ్గురికీ ఆకులు వేసి, గోడవారగా ఒక్కటే ఆకు వేసి అన్నం, కొళంబు పులుసు వడ్డించింది. పాప వంటింటి గడప దగ్గర నిలబడి చూస్తూ ఉన్నది.

"అవ్వా, ఆ ఆకు ఎవరిది?"

"తెలుసు గదమ్మా. ఓడెక్కిన అవ్వది."

"ఆయమ్మ రాదు గదా?"

"రాదు."

"అయితే ఈడ నేను కూచుంటా."

ఎవరూ కూర్చోని ఆ ఆకు ముందు పాప కూర్చున్నది. రత్నమ్మ చేతిలో గరిట అట్లాగే నిలిచిపోయింది. బిడ్డ మావైపు తిరిగి, తల వంచుకొని, ఆకు ఖాళీ అయ్యేదాకా తిన్నది.

నేను చూసిన మహిమ ఇంతే, ఇంతకంటే పెద్దది చూశానని చెప్పను. పోగొట్టుకున్నదాన్ని వెతికే దేవునికి ఆ ఖాళీ ఆకు కోసం వందనాలు. మీ ఇంటి బిడ్డను పనికని ఎవరైనా పిలిస్తే, కారు మీ గుమ్మం ముందుకు ఎందుకు రాదో అడగండి. రాబోయే వాయిదాకు పాప జడ్జిగారి ముందు మాట్లాడాలి. కోర్టు వరండాలో నేనూ రత్నమ్మా ఉంటాం. దేవుణ్ని నమ్మినవారు, నమ్మాలని ఉండీ నాలాగే నమ్మలేక పోట్లాడుతున్నవారు, వచ్చి మా పక్కన నిలబడండి.