గ్రాఫిక్స్ కార్డును బేకరీకి తీసుకుపోయిన సంగతి

పెళ్ళి ఆల్బమ్‌లు కూర్చడం నా పని. ఫోటోలు తీసేది వేరేవాళ్ళు. వాళ్ళు పంపిన గుట్టలోంచి మంచివి ఏరి, మొహాల మీద చెమట మెరుపు తీసేసి, పేజీలుగా అమర్చి అచ్చుకు పంపేది నేను. మద్రాసు చూలై పేటలో మా ఇంటి మేడ మీద ఒక గది, ఒక బల్ల, ఒక పాత ల్యాప్‌టాప్, అదే నా ఆఫీసు. ఆ ల్యాప్‌టాప్ బొమ్మల పని చేసేవాళ్ళ కోసం తయారైన రకం. దానిలో గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉంటుంది. స్క్రీను మీద కనిపించే ప్రతి రంగునూ ఆ కార్డే పంపాలి. నా దగ్గరికి వచ్చేటప్పటికే అది ఇంకొకరి ఇంట్లో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చింది. దాని బరువు చూసి మా ఆయన తల్లి, మా అత్త, "దీన్ని ఒళ్ళో పెట్టుకోబాకమ్మా, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి" అంది.

ఆ ఏడు కత్తిరి మొదలైన వారంలోనే దాని జబ్బు బయటపడింది. వేసవి ముదిరినప్పటి ఎండను మా మద్రాసులో తెలుగువాళ్ళం కూడా కత్తిరి అనే అంటాం. మేడ గది మధ్యాహ్నానికి కుంపటి అయిపోతుంది. కీబోర్డు మీద వేలు ఆనించలేకపోయేదాన్ని. లోపలి చిన్న ఫ్యాను ఈల వేసేది. కాసేపటికి స్క్రీను మీద అడ్డంగా గీతలు పడేవి. ఆ తర్వాత ఊదా, పచ్చ, గులాబీ రంగుల్లో చిన్న చిన్న గళ్లు ఎవరో పిడికిలితో చల్లినట్టు ఫోటో నిండా పడేవి. ఆపి చల్లారనిస్తే పోయేవి, మళ్ళీ వేడెక్కితే వచ్చేవి.

మొదటి వైద్యం మా అత్త చేసింది. ఒకరోజు మజ్జిగ ఇవ్వడానికి మేడ ఎక్కి వచ్చి, ల్యాప్‌టాప్ పక్కన చెయ్యి పెట్టి చూసి, కిందికి దిగిపోయింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో ఇడ్లీ తట్టు, అంటే ఇడ్లీలు పోసే గుంటల పళ్ళెం, ఉంది.

"దీన్ని బోర్లించి దీని మీద పెట్టు. ఆవిరి పోయేదానికి బొక్కలుండాయి గదా, వేడి మాత్రం పోదా?"

ఆమె అన్నది నిజమే. తట్టు మీద పెట్టాక గళ్లు రావడం బాగా ఆలస్యమైంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, మా ఇంట్లో అలాంటి తట్టు అదొక్కటే. అత్త పుట్టింటినుంచి తెచ్చుకున్నది, ఈ కాలపు తట్లలో ఇడ్లీ ఉడకదని ఆమె నమ్మకం. అందువల్ల సాయంత్రం టిఫిను వేళకు ఎవరి పెళ్ళి అయినా సరే, ఎక్కడిదక్కడ ఆగిపోవలసి వచ్చేది.

"ఇంకొక్క పేజీ అత్తా."

"పిండి పొంగి కారతా ఉండాది. నువ్వు దాన్ని దించు."

నేను దించలేదంటే ఆ పూట అందరికీ దోసెలే. సౌకార్‌పేటలో లెక్కలు రాసే మా ఆయన, పెళ్ళిళ్ళ కాలం వస్తే ఈ ఇంట్లో ఇడ్లీకి మొహం వాచిపోవాలని ఒకటి రెండుసార్లు అన్నాడు.

ఈ సంగతి పెరంబూరులో ఉండే మా మేనమామ చెవిన పడింది. ఆయన రైలు పెట్టెలు తయారు చేసే కార్ఖానాలో పెట్టెలకు ఫ్యాన్లు బిగించి రిటైరయిన మనిషి. ఏ వస్తువు చెడినా గాలి చాలక చెడిందనే ఆయన అనుకుంటాడు. లోకల్ రైలెక్కి, ఒక గోనెసంచి భుజాన వేసుకుని వచ్చాడు. సంచిలో రైలు పెట్టెల్లో తిరిగే రకం ఫ్యాను ఉంది, పాత ఇనుము అంగట్లో కొన్నదట. దానికి కావలసిన కరెంటు అందించే డబ్బా ఒకటి తనే చేసుకుని తెచ్చాడు.

"పాపా, ఇది నిండు పెట్టెలో నూరుమందికి గాలి కొట్టిన జాతి. నీ కార్డెంత?" అన్నాడు.

బల్లకు బిగించి స్విచ్చి వేశాడు. బల్ల కదిలింది. అచ్చు చూసుకోవడానికి పెట్టుకున్న కాగితాలన్నీ లేచి గది దాటి మెట్ల మీదుగా వెళ్ళిపోయాయి. కింద వాకిట్లో కూర్చున్న అత్త ఒడిలో ఎవరిదో వరపూజ వచ్చి పడింది. మామ మాత్రం ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి, తృప్తిగా, "సల్లబడింది" అన్నాడు. ఆ రోజునుంచి నేను జుట్టు గట్టిగా ముడివేసుకుని, కాగితాల మీద రుబ్బుగుండు పెట్టుకుని పనిచేశాను.

ఆ రోజుల్లోనే సౌకార్‌పేట పూజసామాన్ల వ్యాపారి ఒకాయన తన కూతురి పెళ్ళి ఆల్బమ్ చూడడానికి భార్యతో సహా వచ్చాడు. మా ఆయనకు తెలిసినవాడు. పెద్దమనుషులు కూర్చున్నప్పుడు ఆ ఫ్యాను వేస్తే పంచె నిలవదని ఆపేశాను. ఆయన ప్రతి పేజీ దగ్గరా ఆగి, అందులో ఉన్న చుట్టాలందరినీ పేరుపేరునా నాకు పరిచయం చేశాడు. తలంబ్రాల పేజీకి వచ్చేసరికి కార్డు బాగా వేడెక్కింది. పెళ్ళికూతురు దోసిలెత్తి తలంబ్రాలు పోస్తున్న ఫోటో అది. నేను చూస్తుండగానే ఊదా, పచ్చ, గులాబీ గళ్లు ఆ పేజీ నిండా రాలాయి.

నేను మూసెయ్యబోయాను. ఆయన చెయ్యి అడ్డుపెట్టాడు.

"ఉండమ్మా. ఇది భలే ఉండాదే."

"అది మిషన్ తప్పండీ. వేడెక్కి అట్లా పడతా ఉంది."

"తప్పంటావేంది? అక్షింతలకు రంగులేసి అమ్మేవాళ్ళం, మాకు తెలీదా? ఇట్లే ఉండనీ."

అంతవరకూ నోరు విప్పని ఆయన భార్య స్క్రీనుకు దగ్గరగా వంగి చూసింది. "ఆ పేజీ మార్చొద్దు" అని మాత్రం అంది. నేను ఎంత చెప్పినా, నేను మొహమాటపడుతున్నానని అనుకున్నారు ఇద్దరూ.

వాళ్ళు వెళ్ళిన రెండో రోజున స్క్రీను పూర్తిగా నల్లబడింది. చల్లారనిచ్చినా తేరుకోలేదు. రిపేరు కొట్లో చూపిస్తే, అక్కడి మనిషి కార్డు ఊడదీసి అరచేతిలో పెట్టి చూపించాడు. పచ్చటి రేకు, మధ్యలో నల్లటి చిప్పు. ఆ చిప్పు కింద ఆవగింజల్లాంటి టంకం చుక్కలు ఉంటాయట. వేడెక్కడం, చల్లారడం, మళ్ళీ వేడెక్కడంతో అవి పగిలిపోయాయన్నాడు. ఈ రకం కార్డు ఇప్పుడు దొరకదన్నాడు. "కొంతమంది పిచ్చోళ్ళు ఒవెన్లో పెట్టి కాలుస్తారు. టంకం కరిగి అతుక్కుంటుందని. కొన్నాళ్ళు పనిచేసి మళ్ళీ పోతుంది. మీరు అట్లాంటివి చెయ్యకండి" అన్నాడు.

నాతో వచ్చిన మామ ఆ మాటల్లో చివరిదొక్కటి వదిలేసి మిగతావన్నీ విన్నాడు.

"పెరంబూరులో మన బేకరీ ఉండాది గదా పాపా" అన్నాడు మెట్లు దిగుతూనే.

ఇంటికి వచ్చి చెబితే అత్త ఒక్కటే అడిగింది. "ఆ ఒవెన్లో గుడ్డు పెడతారా అన్నా?"

"బేకరీ అన్నాక పెడతారు గదా చెల్లెమ్మా."

"గుడ్డుతో పాటు కాలిన వస్తువు నా ఇడ్లీ తట్టు మీద కూర్చోదు. చెప్పేసినా."

మామ దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. మర్నాడు కార్డును వెండిరేకు కాగితంలో చుట్టుకుని మేమిద్దరం బేకరీకి పోయాం. డ్యూటీ దిగి ఇంటికి పోతూ బన్ను కొనుక్కోవడం మామకు ఉద్యోగకాలమంతా అలవాటు కాబట్టి, యజమాని ఆయనకు పాత స్నేహితుడే. తమిళుడు. పొట్లం విప్పి చూసి, ఎవరి పుట్టినరోజని అడిగాడు. మామ సంగతంతా చెప్పి, గొంతు తగ్గించి, "ముట్టై?" అని అడిగాడు. గుడ్డు పఫ్‌లు సాయంత్రానికేననీ, పొద్దున రొట్టెలు దించాక ఒవెన్ ఊరికే ఉందనీ ఆయన హామీ ఇచ్చాడు. తినే వస్తువులతో కలపనని, పారెయ్యదలుచుకున్న పాత ట్రే ఒకటి తీసి, దానిమీద కార్డును ఒంటరిగా పెట్టి లోపలికి తోశాడు.

ముగ్గురం ఒవెన్ ముందు నిలబడ్డాం. ఆయన కాసేపటికోసారి తలుపు కొంచెం తెరిచి చూశాడు.

"రంగు తిరగలేదే" అన్నాడు.

"తిరగకూడదు" అన్నాడు మామ.

"తిరగకపోతే కాలిందని ఎట్లా తెలిసేది?"

 బన్నుల కోసం వచ్చిన ఒక పెద్దావిడ అద్దంలోంచి చూసి, ఆ వెండిరేకులో ఉన్నది తనకొకటి కట్టమంది. అది ఆర్డరు మీద చేస్తున్నదని యజమాని చెప్పాడు. ఆమె, సాయంత్రం అమ్మకానికి పెడతారా అని అడిగి వెళ్ళింది. ఇంతలో కాలిన ప్లాస్టిక్కు వాసన ముక్కుకు కొట్టింది. యజమాని కంగారుగా ట్రే బయటికి లాగాడు. వేడిగా ఉన్నప్పుడు కదపకూడదట అని నేనంటే, "కేకు కూడా అంతే" అని ట్రేను మెల్లగా బల్ల మీద ఆనించాడు. ఆ తర్వాత వాసన పోయేదాకా ఒవెన్‌ను ఉత్తగానే మండించాడు, పాపం. ఇంకెప్పుడూ ఇట్లాంటిది తేవద్దని మామకు మర్యాదగా చెప్పాడు.

ఇంటికొచ్చి బిగించి మీట నొక్కితే స్క్రీను వెలిగింది. గీత లేదు, గడి లేదు. కొత్తదానిలాగా ఉంది.  మామ కళ్ళు చెమ్మగిల్లడం చూసి నేను వేరే వైపు తిరిగాను.

వ్యాపారి మళ్ళీ ఒక్కడే వచ్చి తలంబ్రాల పేజీ చూశాడు. మొహం వాడిపోయింది.

"ఆ రంగులు యాడికి పోయినాయమ్మా?"

"రిపేరు చేసినామండీ."

"బాగుండే దాన్ని రిపేరు చేస్తారా ఎవరైనా?"

రంగు గళ్లు నేనే గీసి పెట్టి చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇవి నువ్వు పెట్టినట్టు ఉండాయి. అవి వాటంతటవే పడినాయి" అన్నాడు.  ఇంట్లో ఆవిడ కూడా ఆ పేజీయే కావాలని పట్టుబడుతున్నదని చెప్పి వెళ్ళాడు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. పాడైన కార్డును బాగుచేసుకున్నవాళ్ళం, బాగైనదాన్ని మళ్ళీ కాసేపు పాడుచేసి, గళ్లు పడగానే స్క్రీనునే ఫోటో తీసి పేజీలో పెట్టాలి. మామకు ఇది ససేమిరా నచ్చలేదు. బతుకంతా గాలి కొట్టించినవాడిని గాలి ఆపమంటున్నావా అని అలిగాడు. అయినా నా మొహం చూసి ఒప్పుకున్నాడు. ఇడ్లీ తట్టు తీసేశాం. పెద్ద ఫ్యాను ఆపేశాం. తలుపులు మూశాం. కార్డు చెక్కుచెదరలేదు. డాబా మీదికి తీసుకుపోయి, అత్త ఎండబెట్టిన వడియాల పక్కన, ఎండలో పెట్టాం. దాని మీద బొంత కప్పి నేనొక మూల, గొడుగు వేసుకుని మామ ఒక మూల కూర్చున్నాం. కాకుల్ని తోలడానికి అత్త కూడా వచ్చి కూర్చుంది.

"బేకరీలో కాలి వచ్చిన దానికి ఈ ఎండ ఒక లెక్కా?" అంది.

చివరికి రంగులు వచ్చాయి. అయితే తలంబ్రాల మీద కాదు, భోజనాల పేజీలో, అరిటాకు ముందు కూర్చుని లడ్డు కొరుకుతున్న వ్యాపారి మొహం మీద. తలంబ్రాల పేజీకి తిప్పితే పోయేవి. వెనక్కి తిప్పితే మళ్ళీ ఆయన మొహం మీదే పడేవి.

మేము ఆ అవస్థలో ఉండగానే వ్యాపారి భార్య వచ్చింది. ఈసారి ఆమె ఒక్కతే. కింద ఎవరూ పలకకపోతే డాబా దాకా ఎక్కి వచ్చింది. బొంత కప్పుకున్న ల్యాప్‌టాప్‌నూ, గొడుగు కింద మామనూ, వడియాలనూ మార్చి మార్చి చూసింది.

"ఏంది ఇదంతా?"

"మీరడిగిన రంగుల కోసమండీ."

ఆమె పిట్టగోడ మీద కూర్చుని పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు తగ్గాక నన్ను దగ్గరికి పిలిచి, మెల్లగా చెప్పింది. "నాకు రంగులు వద్దమ్మా. ఆయనకంటే నిజంగానే ఇష్టం. నేను ఆపలేదు, అంతే. ఆ పొద్దు అవి మా ఆడబిడ్డ మొహం కనిపించకుండా పడినాయి. తలంబ్రాలప్పుడు నన్ను వెనక్కి తోసి ఆమె వచ్చి నిలబడింది. కన్నతల్లిని నేను, ఆ ఫోటోలో నాది భుజం ఒక్కటే కనిపిస్తా ఉండాది. ఆయన దగ్గర ఈ మాట ఎట్లా చెప్పేది? ఆయనకు తోబుట్టువు గదా."

నేను ల్యాప్‌టాప్‌ను నీడకు తెచ్చి, చల్లారనిచ్చి, ఆ క్షణానికి కొంచెం ముందూ వెనకా తీసిన ఫోటోలన్నీ తెరిచాను. ఇద్దరం కూర్చుని చూశాం. ఒకదానిలో ఆడబిడ్డ కింద పడిన కొబ్బరిచిప్ప కోసం వంగింది. ఆమె వెనకనుంచి తల్లి మొహం నిండుగా కనిపిస్తోంది. కూతురి దోసిలి వైపు చూస్తోంది, నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. నేనైతే ఆ ఫోటో ఏరేదాన్ని కాదు, అందులో పెళ్ళికొడుకు కళ్ళు మూసుకున్నాడు.

"ఆ పిల్లోడు ఎప్పుడూ అంతే. ఇదే పెట్టు" అంది ఆమె.

వ్యాపారికి ఆ పేజీ చూపించాను. ఆయన దగ్గరికి వంగి చూసి, "రంగుల కంటే ఇదే బాగుండాది. ముందే చూపించి ఉండొచ్చు గదమ్మా" అన్నాడు. ఆల్బమ్ అచ్చుకు పోయింది.

దీపావళి రోజుల ఐప్పసి వానల్లో, ఊరంతా చల్లబడ్డాక, కార్డు ఏ రంగులూ చూపించకుండానే పూర్తిగా చచ్చిపోయింది. మామ బేకరీకి ఫోను చేశాడు గానీ యజమాని బన్నుల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదట. కొత్త ల్యాప్‌టాప్ కొనక తప్పలేదు. పలకలాగా పల్చగా ఉంటుంది, చప్పుడు చెయ్యదు, వేడెక్కదు. దాన్ని చూడ్డానికి మామ పెరంబూరునుంచి వచ్చి, నా పక్కన కుర్చీ వేసుకుని, నేను పనిచేస్తున్నంతసేపూ దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు.

"ఇది నడస్తా ఉండాదా పాపా?" అని అడిగాడు.

నడుస్తోందని చెప్పాను. ఆయన నమ్మినట్టు లేదు. చెయ్యి తియ్యలేదు.