‘నేను’ అనే మాట

డ్యూటీ దిగాక రాజకుమారి నర్సు యూనిఫాం మార్చుకోకుండానే అనంతగిరి దగ్గర తమ కాఫీ తోటలోని బండరాయి ఎక్కుతుంది. ఊరి మొత్తానికి సిగ్నల్ దొరికేది అక్కడే. జర్మనీలో ఉద్యోగం కావాలంటే ముందు భాష పరీక్ష గట్టెక్కాలి. దానికింకా పదిరోజులే ఉంది. ఫోన్లో మాక్ టెస్టులు చేస్తూ, జవాబు తప్పినప్పుడల్లా చెవిపోగు తిప్పుకుంటుంది. నర్సింగ్ కాలేజీలో తను ‘సెప్పండి’ అంటే అందరూ నవ్వారని, నెల్లాళ్లు అద్దం ముందు నిలబడి ‘చ’ పలకడం నేర్చుకున్న మనిషి. అప్పట్నుంచి ఇంట్లో తల్లి మాటనూ దిద్దుతూనే ఉంది.

ఆ సాయంత్రం టెస్టు ‘నేను’ అనే జర్మన్ మాట దగ్గరే ఆగిపోయింది. తను ‘ఇచ్’ అని స్పష్టంగా పలికిన ప్రతిసారీ ఫోన్ ఎర్రగుర్తు చూపించింది. బండ పక్కనే కాఫీ పళ్లు కోస్తున్న తల్లి దేముడమ్మ తలెత్తింది.

“ఏటే గుంటా, ఇందాకట్నుంచి ఇస్ ఇస్ అంతన్నావు?”

తల్లి మాటకి ఫోన్లో ఆకుపచ్చ గుర్తు వెలిగింది. రాజకుమారి చెవిపోగు వదిలేసి, ఫోన్ తల్లి నోటి దగ్గరికి చాపింది.

“అమ్మా, మల్లీ సెప్పు.”