అత్తయ్య కారు, మూడు కార్బ్యురేటర్లు

మా మేనత్త ఆడవాళ్లకి డ్రైవింగ్ నేర్పేది. ఇంటి పక్కన రేకుల షెడ్డు, అందులో వాళ్ల మామగారు వాడి వదిలేసిన గుండ్రటి ముక్కు పాత కారు. స్టీరింగు చూస్తేనే బెదిరిపోయేవాళ్లు కూడా ఆవిడ దగ్గర ధైర్యంగా కూర్చునేవారు. ఎవరి మీదా అరిచేది కాదు. గేరు కర్రుమంటే మాత్రం, "దానికీ పళ్లుంటాయమ్మా, నెమ్మది" అనేది.

ఒక ఎండాకాలం ఆ కారు కార్బ్యురేటర్ అరిగిపోయింది. గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజనుకి అందించేది అదే కదా, కారు మూలపడింది. పాత సామాన్ల కొట్టతను మూడు రకాలు తెచ్చి గోనె మీద పరిచాడు. ఒకటి ఆ కారుకి మొదట్నుంచీ ఉండే చిన్న రకం. ఇంకోటి వేరే కారుది, పెద్ద నోరు. మూడోది జంట, రెండు కార్బ్యురేటర్లు కలిసి పనిచేసేది.

"జంటే పెట్టించుకో అక్కా. లాగుడూ వస్తుంది, మైలేజీ కూడా" అన్నాడు.

"వస్తుందో రాదో చూద్దాం. మూడూ ఉంచి వెళ్లు తమ్ముడూ."

పెట్రోలు ట్యాంకు గొట్టం విప్పేసి, కొలత గీతలున్న సీసాని అద్దం పక్కన ఎత్తుగా కట్టింది. అక్కణ్ణుంచి సన్న గొట్టం ఇంజనులోకి. సీసా నిండా పోసి, అది ఖాళీ అయ్యేదాకా నడపడం. ప్రతిసారీ అదే దారి: బజారు, వంతెన, కొండరోడ్డు. సీసా కదలకుండా పట్టుకునే పని మామయ్యది. పక్కనే పెట్రోలు కాబట్టి సిగరెట్టు బంద్. "పెళ్లయినప్పట్నుంచీ నేను మొత్తుకుంటే మానలేదు. సీసాడు పెట్రోలు మాన్పించింది" అని అత్తయ్య అందరికీ చెప్పుకుంది.

చిన్నదానితో కొండరోడ్డు మీద కారు ఆయాసపడింది. "ఏమోయ్, దిగి తొయ్యనా?" అన్నాడు మామయ్య. కానీ అన్నిటికంటే ఎక్కువ దూరం వెళ్లింది అదే. పెద్దది పెట్టిన రోజు కాలు ఇలా ఆనించిందో లేదో కారు ముందుకి దూకింది. మామయ్య సీసాని వాటేసుకున్నాడు. అత్తయ్య చిన్నపిల్లలా పకపకా నవ్వింది. కొండ సగం ఎక్కకముందే సీసా ఖాళీ! ఇద్దరూ పెట్రోలు కోసం ఖాళీ డబ్బా పట్టుకుని ఊళ్లోకి నడిచొచ్చారు.

జంటతో పని ఎక్కువైంది. రెండూ సమానంగా గాలి పీల్చాలి. రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని ఒక్కోదాని బుసబుసలూ వింటూ మరలు తిప్పింది. కుదిరాక కారు వెన్నలా కొండెక్కింది. మైలేజీ మాత్రం అటూ ఇటూ కాకుండా మధ్యలో ఉంది. కొన్నాళ్లు తిరిగేసరికి రెండిటి సమతూకం తప్పి, కారు నిలబడ్డచోటే వణకడం మొదలెట్టింది.

ఇంతలో పాత కార్లవాళ్ల సమావేశం వచ్చింది. మూడింట్లో ఏది మంచిదో చెప్పమని అత్తయ్యని పిలిచారు. కొట్టతను ముందురోజే ఇంటికొచ్చాడు.

"జంటే మంచిదని నువ్వు ఒక్కమాట అను అక్కా, చాలు. నీ జంట నీకు ఊరికే ఇచ్చేస్తా."

మామయ్య ఆశగా చూశాడు. అత్తయ్య "నేను చూసింది చెప్తా" అని ఊరుకుంది.

సమావేశంలో కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. "కొండలెక్కేవాళ్లకి జంట బాగుంటుంది. మాటిమాటికీ విప్పి సరిచేసుకునే ఓపిక ఉండాలి. ఊళ్లో తిరిగేవాళ్లు చిన్నదే పెట్టుకోండి, మైలేజీ దానిదే. పెద్దది ఎవరికీ అక్కర్లేదు." ఒక్క క్షణం ఆగి, "నాకు మాత్రం అదే ఇష్టం" అంది. అందరూ గొల్లుమన్నారు.

కొట్టతను మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. నెల తిరక్కుండానే మళ్లీ వచ్చాడు. "నువ్వు చెప్పింది విని జంట కొన్నది కొద్దిమందేగానీ అక్కా, ఒక్కడూ వెనక్కి తేలేదు, తిట్టనూ లేదు. నా వ్యాపారంలో ఇలాంటిది ఎప్పుడూ ఎరగను" అన్నాడు. అప్పట్నుంచి ఏ కొత్త సరుకొచ్చినా ముందు మా అత్తయ్య షెడ్డుకే తెచ్చేవాడు.

నేర్చుకునేవాళ్ల కోసం కారుకి చిన్నదే బిగించింది. పెద్దదాన్ని మాత్రం తన సొమ్ముతో కొనుక్కుంది. ఆదివారం పొద్దున్నే దాన్ని బిగించి, వెనకాల నిండు డబ్బా పెట్టుకుని, మామయ్యని ఎక్కించుకుని కొండరోడ్డుకి పోయేది. దారంతా ఆయన తలుపు పిడి వదిలేవాడు కాదు. ఇంటికొచ్చి కాళ్లు నేలమీద ఆనాక మాత్రం, "ఇవాళ కాస్త నెమ్మదిగా పోనిచ్చినట్టున్నావే" అనేవాడు.