బల్ల మీద సగం చోటు

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, నాకు భయమన్నదే లేదని నేనే అందరికీ చెప్పుకునేదాన్ని. (మా నాయన మాత్రం "బల్లిని సూస్తే మంచమెక్కుతాది" అని నవ్వేవాడు. ఆయన మాటకేం గాని.) డ్రాయింగ్ టీచర్ ట్రైనింగులో మొదటి రోజు క్లాసు చూసి రమ్మని చంద్రగిరి అవతల ఒక హైస్కూలుకు పంపారు. అక్కడి డ్రాయింగ్ సారు నా రికార్డులో సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆ ఏడాది చదువు గోవిందా!

బయట ముసురు, గదిలో మసక. సారు నల్లబల్ల కింద ఉన్న పొడుగు బల్ల చూపించి, "ఆడ కూర్చోమ్మా. ఈ పూట మనిషి బొమ్మ, మోడల్ నువ్వే. లేసినావంటే సంతకం పెట్టను" అని, నా రికార్డు తన మేజా సొరుగులో పెట్టేసుకున్నాడు. చూడ్డానికి వచ్చిన నన్నే నలభై మంది చూడ్డం మొదలుపెట్టారు. పెన్సిళ్ళ గరగర తప్ప చప్పుడు లేదు. నన్ను చూస్తారు, నా ఎడమ పక్క ఖాళీని అంతకంటే శ్రద్ధగా చూస్తారు, మళ్ళీ గీస్తారు. ముందు వరుస పాప కాగితం మీదికి ఓరగా చూశాను. నేనున్నాను, నా జడ ఉంది. నా పక్కన కళ్ళద్దాలు పెట్టుకున్న ముసలాయన, మోకాళ్ళ మధ్య గొడుగు! పక్క పిల్లవాడి కాగితంలోనూ అదే ముసలాయన, అదే గొడుగు.

"ఎవరే ఆయన?" అన్నాను, పెదవులు కదపకుండా.

"తాత సారు మేడమ్. ఎప్పుడూ ఆడనే కూర్చోనుంటాడు."

"ఇప్పుడూనా?"

ఆ పాప నా ఎడమ పక్కకు కళ్ళు చిట్లించి చూసి, "రవ్వంత జరగండి మేడమ్, ఆయనకు సోటు సాల్లేదు" అంది.

జరిగాను. ఇంకా జరిగి బల్ల అంచుకు వచ్చాను. పారిపోదామంటే రికార్డు సొరుగులో ఉంది. ఎందుకైనా మంచిదని ఖాళీ వైపు తిరిగి "నమస్కారం సార్" అన్నాను. (నవ్వకండి. మీరైతే కాళ్ళకే మొక్కేవాళ్ళు.)

అంతలో తలుపు కిర్రుమంది. కళ్ళద్దాలు, తడిసిన గొడుగు, అదే ముసలాయన! "బస్సు లేటైపోయినాదప్పా" అంటూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను పెట్టిన కేకకు హెడ్మాస్టరు పరుగెత్తుకొచ్చేసరికి మేజా కింద ఉన్నాను. ఆ ముసలాయన రిటైరైన డ్రాయింగ్ మాస్టరట. ఇంట్లో తోచక, డ్రాయింగ్ పీరియడ్ ఉన్నప్పుడల్లా వచ్చి మోడల్‌గా కూర్చునేవాడట. పిల్లలకు ఆయన రూపం కంఠతా వచ్చేసింది. ఆ రోజు ఆయన ఇంకా రాకపోయినా అలవాటుగా గీసేశారు.

"ముందే సెప్పుండచ్చు కదప్పా, పాప బెదిరిపోయినాది" అని తాత సారు డ్రాయింగ్ సారుకు గట్టిగా చెప్పాక సంతకమైతే పడింది. పక్కనే ఎర్ర సిరాతో ఒక ముక్క కూడా: 'మోడల్ కదిలినది.'

తర్వాత నాకు ఉద్యోగం ఆ స్కూల్లోనే వచ్చింది. తాత సారు కాళ్ళాడినంత కాలం వస్తూనే ఉన్నాడు. ఆయన చనిపోయిన వారం మోడల్‌గా నేను కూర్చున్నాను. గంట కొట్టాక కాగితాలు తీసుకుని చూస్తే, అన్నింట్లోనూ నా ఎడమ పక్కన కళ్ళద్దాలు, గొడుగు. భయం వేయలేదు, ఏడుపొచ్చింది. ఆ తర్వాతి పీరియడ్‌లో ఎవరూ చెప్పకముందే బల్ల అంచుకు జరిగి కూర్చున్నాను.