వదిన గీసిన గళ్లు

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మొదట్లో అదేమంత బరువనిపించలేదు. ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒక చిన్న అబద్ధం ఆడుతూనే ఉంటారు, అందులో ఇదొకటి, నాలుగు రోజులు పోతే అందరూ మరిచిపోతారు అనుకున్నాను. మరిచిపోయారు కూడా. నేను మరిచిపోలేదు. మా వదిన మరిచిపోలేదు. తప్పు తనదేనని ఆమె నమ్మింది కాబట్టి.

మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్ల ముఖం చూస్తూ చెప్పే ధైర్యమే ఉంటే ఈపాటికి చెప్పి ఉండేవాణ్ని.

ఆ అబద్ధానికి కారణమైన కంప్యూటర్ ఇప్పుడు కూడా నా ముందే ఉంది. పొద్దున్నుంచి దీనితో తల పట్టుకుని కూర్చున్నాను. బటన్ నొక్కితే ఒక పట్టాన లేవదు. లేస్తే ఫ్యాను పిండిగిర్నిలా మోగుతుంది. లోపల చిన్న బ్యాటరీ చచ్చిపోయి, ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది. దాన్ని సరిచేస్తే తప్ప ఇంటర్నెట్ తెరుచుకోదు. ర్యామ్ ఊడదీసి పిల్లల రబ్బరుతో రుద్దాను. పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులిపాను. అన్నీ బిగించి మళ్లీ నొక్కితే బీప్, బీప్ అని నా మీదికే అరిచింది. నాకు ఒళ్లు మండిపోయింది. "గా డబ్బను ఇనుపసామాన్ల ఏస్తే జాగన్న మిగుల్తది" అని మా ఆవిడ నస పెడుతూనే ఉంటుంది. పాతదైనా గట్టి మెషీన్ అని వాదిస్తాను. ఇది ఏనాడూ గట్టి మెషీన్ కాదు. దీన్ని ఎందుకు వదలనో ఆమెకు కూడా చెప్పలేదు.

మాది నల్గొండ దగ్గర ఒక చేనేత ఊరు. అన్న మగ్గం నేస్తాడు. నేను చదువుకుని టౌన్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే పనికి కుదిరాను. తెలంగాణ వచ్చిన కొత్తలో, ఒక ఇంటర్నెట్ సెంటర్ మూసేస్తుంటే దీన్ని కొని ఆటోలో ఇంటికి తెచ్చాను. తెచ్చిన నాటి నుంచి ఇంటిల్లిపాదీ తలా ఇంత చెత్త నింపారు. ఒకే పెళ్లి ఫోటోలు నాలుగు చోట్ల. డీజే పాటలు. ఫోన్ల నుంచి దించిన గుడ్ మార్నింగ్ పువ్వులు. అందరికంటే ఎక్కువ నింపింది నేనే. నావన్నీ సినిమాలు.

దాన్ని పనికోసం వాడుకున్నది వదిన ఒక్కతే. మా చీరలు మీరు చూసే ఉంటారు. నేశాక రంగులేయడం ఉండదు. నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగుల్లో ముంచుతారు. ఏ పోగుకు ఎక్కడ ఏ రంగు పట్టాలో ముందుగా గళ్ల కాగితం మీద గీసుకోవాలి. ఒక గడి తప్పితే నెమలి మెడ వంకరపోతుంది. ఒకరోజు నేను ఎక్సెల్ తెరిచి ఏదో చేసుకుంటుంటే వెనక నిలబడి చూసి, "ఇది మన గ్రాఫే గద మరిదీ!" అంది. గడిలో రంగు ఎలా నింపాలో ఒక్కసారి చూపించాను. ఆ తర్వాత నన్నేమీ అడగలేదు. ఆసు మీద, అంటే మేకులు దిగ్గొట్టిన చట్రం మీద, నూలు పోయడం అయ్యాక రోజూ మధ్యాహ్నం స్టూలు వేసుకుని కూర్చుని ఒక్కో గడీ నింపుకుంటూ పోయేది. ఒక్కో డిజైన్ ఒక్కో ఫైలు. తను ఎవరిని తలుచుకుని గీసిందో వాళ్ల పేరు ఆ ఫైలుకు పెట్టేది. ఎల్లమ్మ, పెద్దత్త, సుజాత, ఇలా. "కంప్యూటర్ సారుకు పోటీ వచ్చిన" అని నన్ను ఆటపట్టించేది కూడా.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. చీర మగ్గం దిగగానే దాని గ్రాఫ్ కాగితం చింపి పొయ్యిలో వేస్తాం. పక్కింటివాళ్ల కంట పడితే డిజైన్ పోతుందని భయం. మా తాత వేశాడు, నాయిన వేశాడు, అన్న వేస్తున్నాడు. పని అయిపోయిన డిజైన్ అంటే చెత్తే అని చూస్తూ పెరిగిన కళ్లు నావి. వదిన కూడా కాగితం మీద గీసింది కంప్యూటర్లోకి ఎక్కించగానే ఆ కాగితం చింపేసేది. కంప్యూటర్లో ఎవరి కంటా పడదు, దాచుకోవచ్చు. మా ఇంట్లో ఒక డిజైన్‌ను దాచుకోవచ్చని మొదట అనుకున్నది ఆమే.

ఒకరోజు ఒక కొత్త సినిమా దొంగ కాపీ దొరికింది. ఎక్కిద్దామంటే డిస్క్ నిండిపోయింది, గీత ఎర్రగా కనిపిస్తోంది. నా సినిమాలు తీయడానికి మనసొప్పలేదు. విసుగ్గా వెతుకుతుంటే వదిన ఫోల్డర్ కనిపించింది. ఒక ఫైలు తెరిచాను. రంగురంగుల గళ్లు. అయిపోయిన చీరలవే అయి ఉంటాయి అనుకున్నాను. అడగొచ్చు కదా? వదిన అవతల గదిలోనే ఉంది. ఒక్క కేక వేస్తే పలికేది. ఎందుకు వేయలేదు? ఆమె చేసేది పని అని నాకు ఏనాడూ అనిపించలేదు, అదీ కారణం. చెత్తబుట్టలోకి కూడా పోకుండా, ఒకేసారి పూర్తిగా పోయేలా తీసేశాను. దానివల్ల మిగిలిన చోటు కూడా ఎంతో కాదు.

ఆ సాయంత్రం వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. చేనేత సంఘం వాళ్లు కొత్త డిజైన్లు వెతుకుతున్నారట. ఆదివారం ఇంటికొచ్చి చూస్తామన్నారట. నచ్చితే ఆమె పేరు మీదే నేయిస్తారట. ఇంతవరకు ఎవరూ నేయనివి, సొంతంగా గీసి పెట్టుకున్నవి అందులో చాలా ఉన్నాయట. వాటిని జర పెద్దగా చూపించమని నన్నడిగింది. రేపు చూపిస్తానని తప్పించుకున్నాను.

తీసేయడం పొరపాటు. దాన్ని పొరపాటని ఎవరైనా ఒప్పుకుంటారు. ఆ తర్వాత చేసిందే చెప్పడానికి ఇంతసేపు చుట్టూ తిరుగుతున్నాను. తీసేసిన ఫైలు ఆ క్షణమే పోదు. దాని మీద ఇంకోటి రాసేదాకా కిందే ఉంటుంది. వెంటనే వైరు పీకేసి, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకుపోతే తిరిగొచ్చే వీలుంటుంది. కాలేజీలో పిల్లలకు నేను చెప్పే పాఠమే అది. కానీ తీసుకుపోవాలంటే ఏం జరిగిందో చెప్పాలి. ఒక దొంగ సినిమా కోసం వదిన డిజైన్లు తీసేశానని అన్న ముందు నిలబడి చెప్పాలి. నేను చెప్పలేదు. మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు మొత్తం ఫార్మాట్ కొట్టాను. నా అబద్ధం నిజంలా కనిపించాలని, మిగిలిన కాస్త ఆశను కూడా నా చేత్తోనే తుడిచేశాను. పెళ్లి ఫోటోలు, పాటలు, నా సినిమాలు, అన్నీ పోయాయి. అన్నీ పోతే ఎవరికీ అనుమానం రాదు కదా.

వదిన రాగానే నేనే ముందు మొదలుపెట్టాను.

"వదినా, మొన్న కరెంటు పోయినప్పుడు నువ్వేమన్న చేసినవా?"

"ఏం చెయ్యలే మరిదీ. లైటు పోంగనే స్విచ్చి బంద్ చేసిన. మల్ల ఒక్కపారి వస్తే కాలిపోతదేమోనని."

"గదే మరి. గట్ల బంద్ చేస్తే లోపల కరాబైతది. అన్నీ పోయినయ్."

"అన్నీనా?"

"అన్నీ."

తర్వాత ఆమె అన్న మాట ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. "నా చేతులిరగ. నీ ఫోటోలు, నీ సినిమాలు గూడ పోయినయా మరిదీ? ఏమనుకోకు, నాకు తెల్వక చేసిన." అని నాకు దండం పెట్టింది. నేను పెట్టించుకున్నాను. "పోనియ్ వదినా" అని క్షమించాను కూడా! ఆమెను నేను క్షమించడమేమిటి?

ఆదివారం సంఘం వాళ్లు వచ్చారు. "ఏం లేవు సార్, నా తప్పుతోనే పోయినయ్" అని ఆమే చెప్పుకుంది. అన్న అందరి ముందే విసుక్కున్నాడు. నేను చాయ్ గ్లాసులు అందించాను.

మళ్లీ గీయొచ్చు కదా అని మీరడగొచ్చు. గుర్తున్నవి ఒకటో రెండో కాగితం మీద మొదలుపెట్టి మధ్యలోనే వదిలేసింది. కంప్యూటర్ మాత్రం మళ్లీ ముట్టలేదు. కంప్యూటరే కాదు. కొత్త ఫోన్ కొనిచ్చినా, బ్యాంకులో మిషన్ దగ్గరికి పోయినా, "నేను ముడితే ఏమన్న అయితది, నువ్వే ఒత్తు" అని పక్కకు జరుగుతుంది. ఇప్పుడు సంఘానికి టౌన్‌లో ఒకాయన డిజైన్లు గీసిస్తున్నాడు. మా ఇంట్లోనూ ఆయన గ్రాఫే నేస్తున్నారు. మొన్న దాంట్లో ఒక చోట వేలు పెట్టి, కొంగు దగ్గర పువ్వు సరిగ్గా కలవదని అంది వదిన. అన్న తలెత్తి చూసేసరికి, "నాకేం తెలుసు తీయ్" అని వెళ్లిపోయింది. ఆ మాట ఆమె నోట్లో పెట్టింది నేనే.

అందుకే ఈ డబ్బాను వదల్లేదు. పోయినవి వెతికి తెచ్చే సాఫ్ట్‌వేర్లు ఎన్ని తిప్పానో లెక్కలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడల్లా ఇదే పని. వచ్చినవి గుడ్ మార్నింగ్ పువ్వులు. సగం తెగిన పాటలు. ఒకసారి "పెద్దత్త" అన్న పేరు కనిపిస్తే వెంటనే దాని మీద నొక్కాను. తెరిస్తే ఖాళీ తెల్ల గళ్లు. ఇందులో ఏమీ మిగల్లేదని నాకు ఎప్పుడో తెలుసు. అయినా వెతుకుతుంటే ఏదో చేస్తున్నట్టు ఉంటుంది, చెప్పాల్సిన మాట రేపటికి వాయిదా పడుతుంది. ఎంత చేతగానితనం!

ఇప్పుడు చెబితే ఆమెకేం తిరిగొస్తుందని నన్ను నేనే అడుగుతుంటాను, ఏదో ఆమె మంచి కోసమే అడుగుతున్నట్టు. తిరిగొచ్చేది ఒకటుంది. తన చేతుల మీద తనకు నమ్మకం. అది ఇవ్వడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, నేను నోరు తెరిస్తే చాలు. ఇన్నేళ్లుగా తెరవలేదు. అంటే ఆ తప్పు అప్పుడెప్పుడో చేసి ఊరుకున్నది కాదు, రోజూ చేస్తున్నదే.

మీకు మాత్రం చెబుతున్నాను. వదిన స్విచ్ బంద్ చేసినందువల్ల ఏమీ కాలేదు. ఆమె చేసింది సరైన పనే. డిజైన్లు తీసేసింది నేను. దొరక్కుండా తుడిచేసింది నేను. నింద ఆమె మీద వేసింది నేను.

రాసేశాను. ఛాతీలో ఏదో కాస్త వదులైంది. ఇలా వదులు కావడానికి కూడా నాకు సిగ్గుగానే ఉంది. గోడ అవతల వదిన ఆసు పోస్తోంది. తప్పు తనదేననుకుంటూనే.